నీలి పొర

మంగళగిరి కొండమీది స్వామికి ఎంత పానకం పోసినా సగం పుచ్చుకుని సగం భక్తుడికే వదిలేస్తాడని ప్రతీతి. ఆ స్వామి పేరు పెట్టుకున్న పుణ్యమో ఏమో, డాక్టర్ పానకాలరావుకి కూడా ప్రతిదీ సగంలో వదిలేసే గుణం అబ్బింది. కాఫీ సగం తాగుతాడు. పేపరు సగం చదువుతాడు. హడావుడి రోజుల్లో గడ్డం కూడా సగమే గీసుకుని ప్రయోగశాలకి వచ్చేస్తాడు. "సార్, ఎడమవైపు నుంచి చూస్తే మీకు నలభై, కుడివైపు నుంచి చూస్తే అరవై. ఏ వైపు ముఖంతో మాట్లాడమంటారు?" అని అడిగేది ఆయనతో కలిసి పనిచేసే డాక్టర్ షహనాజ్.

ఆయన సగంలో వదలనిది ఒక్కటే, క్షయ. లోకమంతా అక్షయ తృతీయకి బంగారం కొట్ల ముందు బారులు తీరుతుంటే, ఈయన మాత్రం ఏడాది పొడుగునా క్షయ తృతీయ జరుపుకుంటూ సూక్ష్మదర్శినికి కన్ను అతికించుకుని కూర్చునేవాడు. క్షయకి క్షయం లేకపోవడమేమిటన్నది ఆయన పట్టుదల.

పట్టుదలకి ఓ కారణం ఉంది. దాని పేరు రాజ్యం. తల్లి లేని పిల్లలు పానకాలూ, రాజ్యమూ. మేనత్త వరాలమ్మ పెంచింది. చెల్లెలికి ఏడేళ్ళప్పుడు తట్టు పోసింది, తగ్గింది. తగ్గిందనుకున్న కొన్నాళ్ళకి మెడ కింద గడ్డలు లేచాయి, ఆ తర్వాత జ్వరం మెదడుకెక్కింది. పెద్దాసుపత్రి వరండాలో పదేళ్ళ పానకాలు డాక్టరు కోటు పట్టుకుని అడిగాడు: "మా చెల్లికి ఎవరంటించారండీ?"

"గాలిలో వస్తుంది బాబూ. ఎవరని చెప్తాం?" అన్నాడాయన.

రాజ్యం పోయింది. రాజ్యాలు పోయిన రాజులైనా కొన్నాళ్ళకి సర్దుకున్నారుగానీ పానకాలు సర్దుకోలేదు. ఆ 'ఎవరు' అనే మాట మింగుడు పడక, కక్కలేక, దాన్నే చదువు చేసుకున్నాడు, ఉద్యోగం చేసుకున్నాడు. పెళ్ళి మాత్రం మర్చిపోయాడు. పెద్దయ్యాక ఆ ఆసుపత్రికే వెళ్ళి, చెల్లెలి మెడ గడ్డలోంచి అప్పట్లో తీసి మైనంలో పోత పోసి దాచిన గోరంత ముక్కని బతిమాలి తెచ్చుకున్నాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు, చాలా ఏళ్ళు. దాన్ని అడిగితే జవాబు చెప్పే యంత్రం అప్పటికి పుట్టలేదు మరి.

ఆ యంత్రం ఈ మధ్యనే పుట్టింది. పుట్టించింది వాళ్ళిద్దరే.

సంగతేమిటంటే, క్షయ క్రిమి మహా మొండి ఘటం. మన ఒంట్లో కాపలా తిరిగే కణం దాన్ని పట్టుకుని మింగేసినా అరగదు. పోలీసు స్టేషన్లోనే కాపురం పెట్టిన దొంగలాగా ఆ కణం కడుపులో చాప పరుచుకుని ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. కాపలా కణమూ ఊరుకోదు. తన దగ్గరున్న కత్తెరలతో ఆ దొంగ ఒంటిమీది ప్రోటీన్ చొక్కాని కత్తిరిస్తూనే ఉంటుంది. ఎవరి కత్తెర వాళ్ళది, ఎవరి కత్తిరింపు వాళ్ళది. క్రిమి ఆ చిరిగిన చొక్కాని విప్పదు, దానిమీదే ఇంకోటి తొడుక్కుంటుంది. మనిషి నుంచి మనిషికి ఎగిరినప్పుడల్లా ఇంకో పొర. ఈ రహస్యం పట్టుకున్నది షహనాజ్. ఆ పొరల్ని ఒక్కొక్కటే ఒలిచే యంత్రం కట్టింది పానకాలరావు. దానికి దర్జాగా ఓ లాటిన్ పేరు పెడదామని ఆమె అంటే, "ఉల్లిపాయకి లేని లాటిన్ దీనికెందుకమ్మా?" అని ఆయన 'ఒలుపుడు మిషను' అని ఖాయం చేశాడు.

మొట్టమొదట ఒలిచింది ఆయన్నే. దేశంలో ఎంతోమంది ఊపిరితిత్తుల్లో ఉన్నట్టే ఆయన ఊపిరితిత్తుల్లోనూ నిద్రపోయే క్రిములు ఉన్నాయి. ఉప్పునీటి ఆవిరి పీల్చి, గొట్టంలోకి ఊది, గోడంత తెర ముందు కూర్చున్నాడు.

తెర పైభాగాన ఓ పసుప్పచ్చ చార పడింది. "అది మీరు సార్" అంది షహనాజ్. దాని కింద ముదురు నీలి చార. దాని కింద తేనె రంగుది, ఆ కింద ఇటుక రంగుది, బూడిద రంగుది. చారలు కిందికి దిగుతూనే ఉన్నాయి. వందకి ఆగుతాయనుకున్నారు, ఆగలేదు. సన్నటి నేతచీరని ఎవరో పైనుంచి మడత విప్పుతున్నట్టు తెర అడుగు దాకా జారి, అక్కడినుంచి మళ్ళీ పైకెక్కి రెండో వరస మొదలుపెట్టాయి. ఒక్కో చారా ఒక్కో మనిషి. ఒక్కో మనిషీ ఎప్పుడో ఎక్కడో ఇంకో మనిషి ముఖానికి ముఖం పెట్టి మాట్లాడినవాడో, పాడినవాడో, ముద్దాడినవాడో, ఏడ్చినవాడో. బళ్ళ మీద పోయినవాళ్ళు, పడవలెక్కినవాళ్ళు, కరువుకి ఊరొదిలినవాళ్ళు. అడుగున చారలు లేతబడి, నీళ్ళలో కలిపిన పాలలాగా పలచబడి, ఎక్కడ అంతమవుతున్నాయో కంటికి ఆనడం లేదు.

షహనాజ్ లేచి నిలబడింది. మసీదులో నిలబడ్డట్టు నిలబడింది.

"సార్... వీళ్ళంతా ఎవరు?"

"నాకు ఊపిరి పోసినవాళ్ళు" అన్నాడు పానకాలరావు. "ఊపిరి తీసేవాళ్ళు కూడానేమో. తాత తండ్రి పేరు చెప్పమంటే నేను తడుముకుంటాను షహనాజ్. ఈ క్రిమి చూడు, అన్నదానం పంక్తిలో వడ్డించినవాడిలాగా ఒక్కణ్ణి మర్చిపోలేదు."

ఆ పూట ఇద్దరూ కాఫీ తాగడం మర్చిపోయారు, సగం కూడా.

తర్వాత పానకాలరావు సొంత వీధికి బయల్దేరారు. మగ్గాల చప్పుడు తప్ప వేరే గడియారం లేని నేతగాళ్ళ వీధి అది. గుంట మగ్గాల్లో కూర్చున్నవాళ్ళని లేపి, గొట్టంలోకి ఊదించుకుని, చారలు తీసుకుంటూ పోయారు. రెండు వింతలు బయటపడ్డాయి.

మొదటిది, వీధిలో సగానికి పైగా మనుషుల్లో ఆ ముదురు నీలి చారే ఉంది. పానకాలరావులో ఉన్నదే. అంటే వీళ్ళందరికీ ఒక్కరే అంటించారు.

రెండోది షహనాజ్ కనిపెట్టింది. క్షయ క్రిమికి ఓ ప్రోటీన్ ఉంది. దాంతోనే అది కాపలా కణం గోడకి కన్నం వేసి బయటపడి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. బళ్ళో మనం మాంసకృత్తులు అని చదువుకున్నవాటిలో ఇది హింసకృత్తు. ప్రయోగశాలలో దాన్ని 'కోర' అనేవారు. నీలి మనిషి గుండా వచ్చిన ఏ క్రిమికీ కోర సవ్యంగా లేదు. ఆ మనిషి ఒంట్లోని కత్తెర దాన్ని మొదలంటా నరికేసింది. నరికించుకున్న క్రిమి పిల్లల్ని పెట్టినా అవీ బోసినోటివే.

"సార్, అర్థమైందా? వీధి వీధంతా నిద్రపోయే క్రిములే, కానీ జబ్బు పడ్డవాళ్ళు లేరు. పైగా బయటినుంచి కోరలున్న క్రిమి వచ్చినా వీళ్ళ ఒళ్ళు గుర్తుపట్టి తరిమేస్తోంది. ఈ నీలి మనిషెవరో నడిచే టీకామందు! ఆ కత్తెర మన చేతికి దొరికితే..." ఆమె కళ్ళల్లో నీళ్ళు.

పానకాలరావు మైనం ముక్క తెచ్చి యంత్రంలో పెట్టాడు. ఇన్నాళ్ళూ ధైర్యం చాలక పెట్టలేదు.

పైన చిలకపచ్చ చార. రాజ్యం. దాని కిందనే, ఇంకెవరూ అడ్డం లేకుండా, ముదురు నీలి చార.

"కోర విరిగే ఉంది సార్" అంది షహనాజ్ మెల్లగా. "కానీ పాపకి అప్పుడే తట్టు తగ్గింది కదా. తట్టు పోతూ పోతూ ఒంట్లో కాపలాని తుడిచేస్తుంది. తలుపుల్లేని ఇంట్లోకి బోసినోటి పామొచ్చినా పామే."

లోకాన్ని కాపాడబోయేదీ, చెల్లెల్ని తీసుకుపోయిందీ ఒకే మనిషి. పానకాలరావు వెతుకులాటలు రెండూ ఒక్కటయ్యాయి.

వీధిలో మళ్ళీ తిరిగారు. "మీ చిన్నప్పుడు మీ చుట్టుపక్కల ఎవరు దగ్గేవారు?" అని ఇంటింటా అడిగారు. రంగులద్దే ఓ ముసలాయన పేరు చెప్పారు, పాలమనిషి పేరు చెప్పారు, గుళ్ళో బాకా ఊదే ఆయన పేరు చెప్పారు. ఉన్నవాళ్ళని ఊదించినా, పోయినవాళ్ళ పిల్లల చారల్లో వెతికినా ఒక్కరిదీ నీలిరంగు కాలేదు. దగ్గినవాళ్ళందరూ దగ్గరగా వచ్చి దూరంగా పోయారు. వీధిలో ఊదనిది ఒక్క వరాలమ్మే. "నేనూదితే జబ్బులు పోవాలిగానీ, జబ్బు తేలటమేందిరా? నీ గొట్టం నీ దగ్గరే పెట్టుకో" అని మొండికేసింది.

ఆ ఆదివారం పానకాలరావు అరుగు మీద కూర్చుని పేపరులో మొదటి సగం చదువుతున్నాడు. పక్కింటి కోడలు కుక్కకి జడుసుకున్న పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది.

"అమ్మమ్మా, నిన్నటినించీ ఉలికిపడతన్నాడు. కాస్త మంత్రమెయ్యవా?"

"ఇటు కూకోబెట్టు. ఏరా, కుక్క నిన్ను కరిచిందా, నువ్వు కుక్కని కరిచావా?" అంది వరాలమ్మ. పిల్లాడు ఏడుపు ఆపి ఆలోచనలో పడ్డాడు. ఆవిడ వాడి రెండు బుగ్గలూ పట్టుకుని, ముఖానికి ముఖం ఆనించి, పెదాల్లో ఏదో గొణిగి, ఉఫ్‌మని మూడుసార్లు ఊదింది. వాడి నుదుటి మీది జుట్టు పైకి లేచి మళ్ళీ పడింది.

పానకాలరావు ఆ జుట్టు వంక చూశాడు.

పుట్టినప్పటినుంచీ చూస్తున్న దృశ్యమే. జడుపుకీ, దిష్టికీ, పాలు కక్కినందుకూ, అమ్మవారు పోసి తగ్గినందుకూ ఆ వీధి పిల్లలందరూ ఆ రెండు చేతుల మధ్యకి వచ్చినవాళ్ళే. వరాలమ్మ వరాలిచ్చేది ఊపిరితోనే. ఎవరు దగ్గారని వీధంతా అడిగారుగానీ, ఎవరు ఊదారని అడగాలని ఎవరికీ తట్టలేదు. అడిగినా ఎవరూ చెప్పేవాళ్ళు కారు. దీపం ఇంటిని కాలుస్తుందని ఎవరనుకుంటారు?

"అత్తా" అన్నాడు. "ఒక్కసారి నా గొట్టంలో కూడా ఊదవూ? నేను జడుసుకున్నాను."

ఆవిడ మేనల్లుడి ముఖం చూసి, వేళాకోళం మానేసి ఊదింది.

చలికాలంలో ఆవిడకి వచ్చే పొడిదగ్గుని ఎవరూ దగ్గు కింద లెక్కవెయ్యలేదు. అప్పుడప్పుడూ మేలుకునే క్రిములు ఆవిడ ఒంట్లో ఉన్నాయి. తెర మీద అన్నిటికంటే పైన పడిన చార ముదురు నీలం.

"ఆవిడ రక్తంలోంచి కాపలా కణాలు తీసుకోవాలి సార్. కత్తెర అందులోనే ఉంది. తీసుకోవాలంటే ఎందుకో చెప్పాలి" అంది షహనాజ్.

"చెప్తాను. నీ ఒంట్లో టీకామందు ఉందత్తా అని చెప్తాను."

"రాజ్యం సంగతి?"

"సగం చెప్తే చాలదూ?"

"కణాలిచ్చే మనిషి దగ్గర, ఆ మనిషికి సంబంధించినదేదీ దాచకూడదని మన ప్రయోగశాల నీతి సంఘానికి నియమం రాసింది ఎవరు సార్?"

రాసింది పానకాలరావే. అప్పుడు పూర్తిగా రాశాడు, ఖర్మ.

సగమే చెప్పాలని నిశ్చయించుకుని మర్నాడు ఇల్లు చేరాడు. వరాలమ్మ ఒళ్ళో ఓ నాలుగేళ్ళ పిల్ల ఉంది. ముఖం మీద తట్టు మచ్చలు ఇంకా మానలేదు. ఆవిడ ఆ బుగ్గలు రెండూ పట్టుకుని పెదాలు సున్నా చుట్టింది.

"వద్దు!"

వీధిలో మగ్గాలు ఆగిపోయేలా అరిచాడు. పిల్లని లాక్కుని తల్లి చేతిలో పెట్టి, "తీసుకెళ్ళు, ఇంటికి తీసుకెళ్ళు" అన్నాడు. ఆ తల్లి బెదిరిపోయి వెళ్ళింది.

"ఏందిరా అది? బిడ్డ బెదరలా?" అంది వరాలమ్మ.

పానకాలరావు తలుపు దగ్గరగా వేసి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని, చెప్పేశాడు. సగం దగ్గర ఆగలేకపోయాడు. ఆ చార, ఈ చార, మెడలో గడ్డ, మైనం ముక్క, అన్నీ.

వరాలమ్మ వింటూ చెంగు అంచుని వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. చివరికి అడిగింది: "నీ చిన్నప్పటినించీ ఎతుకుతున్నావు కదరా, ఎవురో ఎవురో అని. దొరికితే ఏం చేద్దామనుకున్నావు?"

"పదేళ్ళప్పుడు కొడదామనుకున్నా. ఇరవైయేళ్ళప్పుడు తిడదామనుకున్నా."

"ఇప్పుడో?"

"పేరు తెలిస్తే చాలనుకున్నా."

"తెలిసిందిగా" అంది. లేచి లోపలికి పోయింది. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. మర్నాడు పొద్దున పానకాలరావు నిద్ర లేచేసరికి ఉతికిన మంగళగిరి చీర కట్టుకుని, నోటికి తుండుగుడ్డ గట్టిగా బిగించుకుని, అరుగు మీద కూర్చుని ఉంది.

"చూపించు" అంది.

ప్రయోగశాలలో షహనాజ్ కుర్చీ వెయ్యబోతే ఆవిడ కూర్చోలేదు. తెర వెలిగింది. ముందు ఆవిడ ఊపిరి. పైన నీలం, కింద తేనె రంగు, ఆ కింద తరగని చారలు.

వరాలమ్మ తలెత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసింది. "ఇంతమందా!" అంది. "అమ్మా తల్లీ, ఇంత పొడుగు చీర ఏ మగ్గం మీద నేశార్రా?" కాసేపటికి వేలు పెట్టి చూపించింది. "ఈ పైన నేను గదా. నా కిందనున్న ఈ తేనె రంగు ఎవురిది?"

"నీకంటించినవాళ్ళది అత్తా. ఎవరో మాకు తెలీదు."

"నాకు తెలుసు." అంది ఆవిడ. "మీ మావయ్య. పెళ్ళైన ఏడాదికే దగ్గి దగ్గి పోయాడు. ఉబ్బసమన్నారు వాళ్ళింట్లో. నేనే తల ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించా. ఒక్క ఫొటో అన్నా దిగలేదురా ఆయన. ముఖం కూడా సరిగా గుర్తు లేదు నాకు."

అరచెయ్యి ఆ చార మీద ఆనించింది. ఆరు దశాబ్దాల కింద కాలి బూడిదై కృష్ణలో కలిసిపోయిన బాపయ్య అనే నేతగాడు, ఆయన ఒంట్లోని కత్తెర కత్తిరించిన తీరు, తేనె రంగులో ఆవిడ చేతి కింద వెలుగుతోంది. షహనాజ్ ముఖం పక్కకి తిప్పుకుంది. వంద పత్రాల్లో ఈ యంత్రం గురించి రాయబోయే ఏ వాక్యమూ ఈ చెయ్యంత చెప్పదని ఆమెకి తెలిసిపోయింది.

"రాజ్యం ఏది?"

షహనాజ్ మార్చింది. చిలకపచ్చ, నీలం, తేనె రంగు, ఆ కింద అవే చారలు.

"దీని మీద ఏం లేదేం?"

"అక్కడితో ఆగిపోయింది అత్తా. ఈ చిలకపచ్చ వీధిలో ఇంకెవరి చారల్లోనూ లేదు, రాజ్యం నుంచి ఎవరికీ పోలేదు."

"పసిది. అది ఎవురికీ ఏమీ చెయ్యలా" అంది వరాలమ్మ.

పానకాలరావు ఉండబట్టలేకపోయాడు. "అత్తా, అసలు నువ్వు లేకపోతే ఈ వీధి ఏమయ్యేదో తెలుసా? ఎంతమంది..."

"చాల్లేరా." ఆవిడ గట్టిగా అనలేదుగానీ ఆయన ఆగిపోయాడు. "బతికినోళ్ళని తెచ్చి దీని పక్కన తక్కెట్లో పెట్టబాక. అందరు బతికారంటే నాకు సంతోషమే. ఇది నా చేతుల్లో నవ్వతా ఉంటే ఊదానురా నేను. అది దానికీ నాకూ ఉన్న లెక్క, ఎవురూ తీర్చేది కాదు. నువ్వు తీర్చబాక."

షహనాజ్ అడిగింది, నేల చూపులు చూస్తూ: "అమ్మా, మీ రక్తం కొంచెం... ఇష్టం లేకపోతే ఇక్కడితో ఆపేస్తాం. పర్లేదు."

"ఆపటమెందుకు? తట్టు పోసిన పిల్లలకి కూడా పనికొచ్చేట్టు చెయ్యగలవా నువ్వు?"

"తెలీదమ్మా" అంది షహనాజ్. "అదే ముందు చూస్తాను. అది కుదిరేదాకా మందని పేరు పెట్టను."

"తెలీదన్నావు. మంచిదానివి." వరాలమ్మ తెర దగ్గరికి ఇంకో అడుగు జరిగింది. కుడి అరచెయ్యి చాచి చిలకపచ్చ చారని పూర్తిగా కప్పింది. పసిపిల్ల నుదురు మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు, అక్కడే ఉంచింది.

ఎడమ చెయ్యి చీర చెంగులోంచి బయటికి తీసి, రవిక చెయ్యి మోచేతి పైకి లాక్కుని, వెనక్కి చూడకుండానే షహనాజ్ వైపు చాపింది.